నాకొక మాట చెప్పి

పెళ్ళయిన కొత్తలో నాకు అన్నీ ముద్దుగానే ఉండేవి. ఒకే గ్లాసులో రెండు టూత్‌బ్రష్‌లు ఒకదాని మీద ఒకటి వాలి ఉంటే చూసి నవ్వుకునేదాన్ని. మా ఆయన సాక్సు ఒకటి మంచం కిందా, రెండోది వంటింటి గుమ్మం దగ్గరా వదిలేస్తే, కోప్పడాల్సింది పోయి, మధ్యలో ఇంత దూరం ఒంటికాలి మీద ఎలా వచ్చాడా అని ఆలోచించేదాన్ని. మేమిద్దరమే ఉంటే 'నువ్వు', నలుగురిలో 'మీరు'. నలుగురిలో నోరుజారి 'నువ్వు' వచ్చేసిందా, ఇంటికొచ్చేదాకా ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళం కాదు, నవ్వొస్తుందని.

అలాంటి ఒక ఆదివారం, "నా ఆస్తి చూపిస్తా రా" అని మా ఆయన నన్ను కంప్యూటరు ముందు కూర్చోబెట్టాడు. ఆ ఆస్తి పేరు 'పలకరింపు'. మా మామగారికి పక్షవాతం వచ్చి మాట పడిపోయినప్పుడు అన్నదమ్ములిద్దరూ కూర్చుని రాసిన ప్రోగ్రాం. తెర మీద అక్షరాలు ఒకటొకటిగా వెలుగుతుంటాయి. కావలసిన అక్షరం దగ్గర కన్ను మూసి తెరిస్తే కెమెరా పట్టుకుంటుంది. ఒకటి రెండు అక్షరాలు పడగానే, మీరు అనబోయేది ఇదేనా అని నాలుగు మాటలు తనే చూపిస్తుంది. ఒకటి ఎంచుకుంటే పైకి పలుకుతుంది. కన్ను పట్టుకునే భాగం మా ఆయనది. మాట ఊహించే భాగం వాళ్ళ అన్నయ్యది, అంటే మా బావగారిది.

"నాన్న దీంతో మొదట ఏమన్నాడో తెలుసా?"

"మీ ఇద్దర్నీ మెచ్చుకునుంటారు."

"ఫ్యాను ఆపండి అన్నాడు. అన్నయ్య ఏడుస్తూ వెళ్ళి ఆపాడు."

అత్తగారు, మామగారు, బావగారు, ముగ్గురూ నేను రాకముందే వెళ్ళిపోయారు. బావగారికి వయసేమీ లేదు. ఒక పొద్దున ఆఫీసుకి బయల్దేరి, బూట్ల లేసు కట్టుకోవడానికి వంగి, మళ్ళీ లేవలేదు. నేను కాపురానికి వచ్చేసరికి ఆ కుటుంబంలో మిగిలింది మా ఆయనా, బావగారి భార్యా. ఆవిడ మా ఆయనకి వదిన, నాకు అక్క.

అన్నదమ్ములిద్దరూ 'పలకరింపు'ని దాచుకోకుండా నెట్‌లో పెట్టేశారు. లోపల రాసిన ప్రతి వరసా ఎవరైనా చూడొచ్చు, తీసుకోవచ్చు, తమకు కావలసినట్టు మార్చుకోవచ్చు. అలా పెట్టేటప్పుడు ఏ షరతుల మీద తీసుకోవచ్చో చెబుతూ దానితోపాటే ఒక లైసెన్సు పెట్టాలట. మా ఆయన తన భాగానికి అందరూ వాడే లైసెన్సే పెట్టాడు, పేజీలకు పేజీలు. బావగారి భాగానికి ఉన్నది ఇంతే:

'ఇది ఎవరైనా వాడుకోవచ్చు. నాకొక మాట చెప్పి వాడుకోండి, అంతే.'

దాని కింద ఆయన మెయిల్.

యంత్రాలు కొన్నవాళ్ళకి ఇచ్చే వివరాల పుస్తకాలు రాయడం నా ఉద్యోగం. ఏ వాక్యానికీ రెండర్థాలు రాకుండా చూడటానికే నాకు జీతమిస్తారు. "ఇది నేను రాసుంటే మా మేనేజరు ఎర్రపెన్నుతో కొట్టేసేది" అన్నాను.

"ఎందుకు?"

"లైసెన్సులో 'అంతే' ఏంటి?"

"వాడంతే" అన్నాడు మా ఆయన. "ఇంట్లోంచి ఎవరు కదిలినా 'నాకొక మాట చెప్పి వెళ్ళు' అనేవాడు. గోడ దూకే పిల్లికి కూడా చెప్పేవాడు."

ఇద్దరం నవ్వాం. నవ్వు ఆగాక ఆయన ఆ వాక్యాన్ని మళ్ళీ పైకి చదివాడు. నేను ఆయన జుట్టులో వేళ్ళు పెట్టి చెరిపాను. నాకు అప్పటికి అంతకంటే ఏం చేయాలో తెలీదు.

అక్క కళ్ళద్దాల షాపులో పనిచేస్తుంది. గాజుబిళ్ళని చట్రానికి సరిపడా అరగదీసి బిగించే పని ఆవిడది. మెషీను ముందు కూర్చుంటే ముక్కు మీద గాజుపొడి సన్నగా మెరుస్తుంటుంది. నేను మొదటిసారి ఆ షాపుకి వెళ్ళినప్పుడు నన్ను ఎగాదిగా చూసి, "ఏం కొత్తమ్మాయ్, మొగుడు ఇంకా అందంగానే కనిపిస్తున్నాడా? చూపు పరీక్ష చేయమంటావా?" అంది. అప్పట్నుంచీ నేను కొత్తమ్మాయినే. మా ఆయన చిన్నా. పిల్లల్లేరు, తోడు ఎవరూ లేరు, అయినా ఆవిడ దగ్గరికి వెళితే మనమే నవ్వుతూ తిరిగొస్తాం. బావగారి మాట మాత్రం ఎవరం ఎత్తేవాళ్ళం కాదు. ఆవిడ బాధపడుతుందని.

ఇలా ఉండగా పెద్దాసుపత్రి నుంచి మా ఆయనకి ఫోనొచ్చింది. అక్కడ మాట పడిపోయినవాళ్ళకి మాట నేర్పే డాక్టరు, 'పలకరింపు'ని ఒకరిద్దరి దగ్గర వాడి చూసిందట. ఇప్పుడు అన్ని వార్డుల్లోనూ, వాళ్ళకున్న మిగతా ఆసుపత్రుల్లోనూ మంచం మంచానికీ పెడతామంటున్నారు. కాకపోతే ముందు వాళ్ళ లాయరు ఒప్పుకోవాలి. ఆవిడకి లైసెన్సు గురించి చిన్న సందేహం ఉందట, ఒకసారి వచ్చి వెళ్ళమన్నారు.

మా ఆయన ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. నేనూ సెలవు పెట్టి వెంట వెళ్ళాను. స్కూటరు మీద ఆయన నడుం చుట్టూ చేతులేసుకుని, దారంతా ఏదో కూనిరాగం తీస్తూనే ఉన్నాను.

లాయరు మేడమ్ గది చిన్నది. కిటికీలోంచి అంబులెన్సులు ఆగే చోటు కనిపిస్తుంది. ఆవిడ మాకంటే పెద్దది. నెమ్మదిగా, ఒక్కొక్క మాటా ఆరబెట్టినట్టు మాట్లాడుతుంది. బావగారి వాక్యం అచ్చువేసి ముందు పెట్టుకుంది. 'చెప్పి' కింద గీత గీసి ఉంది.

"మీ భాగంతో మాకే ఇబ్బందీ లేదు. ఇదే" అంది. "'నాకొక మాట చెప్పి వాడుకోండి.' చెప్పకపోతే వాడుకోకూడదనా? చెబితే బాగుంటుందనా? ఇది షరతో, మర్యాదో నాకు తేలడం లేదు. మా ఆఫీసులో ఇద్దర్ని అడిగితే ఒకరు షరతన్నారు, ఒకరు మర్యాదన్నారు."

"మర్యాదేనండి" అన్నాడు మా ఆయన. "మా అన్నయ్య మాట్లాడేదే అలా."

"మీరు చెబుతున్నారు, నేను నమ్ముతున్నాను. కాని రేపు ఎవరైనా షరతే అంటే? వందల మంచాల దగ్గర పెట్టాక తీసేయమంటే, ఆ మంచం మీద మనిషి మళ్ళీ మూగవాడవుతాడు కదా. అందుకే రాసినాయన్నే అడిగేద్దామని మెయిల్ పంపాం. ఆయన చెప్పమన్నట్టే ఒక మాట చెప్పాం." ఆవిడ ఇంకో కాగితం తీసింది. "వెంటనే జవాబిచ్చారు. మంచి మనిషి. 'సంతోషం. వాడుకోండి. ఎవరికోసమో చెబితే ఇంకా సంతోషం' అని రాశారు. ఇంతా అయ్యాక ఇంకేముంది, ఆయన ఒకసారి వచ్చి మామూలు లైసెన్సు మీద సంతకం పెట్టేస్తే సరిపోతుంది. ఎప్పుడు వీలవుతుందంటారు?"

మా ఆయన ఆ కాగితం తీసుకున్నాడు. చదివాడు. తేదీ చూశాడు. మళ్ళీ చదివాడు. నాకివ్వబోయి, ఇవ్వకుండా ఒళ్ళో పెట్టుకున్నాడు.

"పోయిన వారం వచ్చిందాండీ ఇది?"

"అవును."

"మా అన్నయ్య చనిపోయి రెండేళ్ళు దాటిందండి."

కిటికీ బయట ఎవరో అంబులెన్సు తలుపు మూశారు. లాయరు మేడమ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. తర్వాత అడిగింది, "ఆయన మెయిల్ ఎవరి దగ్గరుంటుంది?"

"మా వదిన దగ్గర" అన్నాడు మా ఆయన. జవాబిచ్చింది ఎవరో ముగ్గురికీ తెలిసిపోయింది.

లాయరు మేడమ్ తప్పుపట్టలేదు. వివరంగా చెప్పింది. మనిషి పోయాక ఆయన రాసింది ఆయన వారసులకి చెందుతుంది. పిల్లలూ పెద్దవాళ్ళూ లేరు కాబట్టి ఇప్పుడది ఆయన భార్యది. "ఆవిడ ఆవిడగా ఇస్తే చెల్లుతుంది. ఆయనగా ఇస్తే చెల్లదు" అంది. "ఈ రెండేళ్ళలో ఇలా ఎంతమందికి జవాబిచ్చారో తెలీదు. వాళ్ళంతా అనుమతి ఉందనుకుంటున్నారు. నిజానికి లేదు. ఇది సరిదిద్దకుండా నేను సరే అనలేను. ఆవిడ మామూలు లైసెన్సు మీద సంతకం పెట్టాలి. ఈ వాక్యం తీసేయాలి. ఇదివరకు జవాబు అందుకున్న ప్రతి ఒక్కరికీ ఆవిడే నిజం రాయాలి."

"ఒప్పుకోకపోతే?"

"ఆయన భాగం తీసేసి, అది ఎప్పుడూ చూడనివాళ్ళ చేత కొత్తగా రాయించుకోండి. మీరు రాయకూడదు. చూసిన చెయ్యి తెలీకుండానే అదే రాసేస్తుంది."

తిరిగొచ్చేటప్పుడు నేను కూనిరాగం తీయలేదు. సిగ్నలు దగ్గర ఆగినప్పుడు మా ఆయన ముందుకే చూస్తూ, "ఆ జవాబు చదువుతుంటే అన్నయ్య గొంతే వినిపించింది" అన్నాడు. "సంతోషం అని మొదలుపెట్టేది వాడే."

అట్నుంచి అటే షాపుకి వెళ్ళాం. అక్క ఒక పెద్దాయన చెవుల వెనక కళ్ళజోడు కాడలు సరిచేస్తోంది. "ఏంటిది, ఇద్దరూ సెలవు పెట్టి మరీ తిరుగుతున్నారు? ఎంత ప్రేమ ఉంటే మాత్రం ఇంత ఎండలోనా" అంది. పెద్దాయన నవ్వాడు. మేం నవ్వకపోయేసరికి ఆవిడ చేతులు ఆగాయి. ఆయన్ని పంపించి మమ్మల్ని వెనక గదిలోకి తీసుకెళ్ళింది. అరగదీసే మెషీను, నీళ్ళ తొట్టి, గోడకి వేలాడుతున్న ఖాళీ చట్రాలు. కళ్ళు లేని కళ్ళద్దాలు అన్ని ఒకేసారి మనవైపే చూస్తుంటే ఎలాగో ఉంటుంది.

మా ఆయన ఆ కాగితం ఇచ్చాడు.

అక్క చూసి, "ఆసుపత్రివాళ్ళా" అంది. "ఏదో పెద్ద సంస్థ అనుకున్నాను గాని, వాళ్ళ దగ్గరికే నువ్వు వెళ్ళావని తెలీదు."

"ఎన్నాళ్ళ నుంచి వదినా?"

ఆవిడ స్టూలు మీద కూర్చుంది. "ఆయన పోయిన నెలలోనే ఒకటొచ్చింది. ఆయన ఫోను ఊరికే పడి ఉంటే పాడవుతుందని చార్జింగు పెట్టాను. ఎవరో ఒకావిడ. భర్తకి మాట పడిపోయిందట. 'మీకొక మాట చెప్పి వాడుకుంటున్నాను సార్' అని రాసింది. నేనేం రాయను? ఆయనే లేరు, నువ్వు వాడుకోకు అని రాయనా? ఆయన రాసేదే రాశాను."

"తర్వాత?"

"తర్వాత ఇంకొకరు. వాళ్ళమ్మ కోసం. ఇంకొకరు స్నేహితుడి కోసం. ఎవరికోసమో చెప్పమని రాస్తే చెప్పేవాళ్ళు చిన్నా. 'మీరు రాసింది భలే ఊహిస్తుంది సార్, మా నాన్న తిట్టబోయే తిట్టు కూడా ముందే చూపిస్తోంది' అని ఒకతను రాశాడు. రోజంతా నవ్వుకున్నాను."

"నాకు ఒక్కమాట చెప్పలేదేం?"

"చెబితే ఆపేసేవాడివి."

మా ఆయన తల దించుకున్నాడు. అక్క నా వైపు తిరిగింది. "కొత్తమ్మాయ్, నువ్వు చెప్పు. నా ఎదురుగా ఆయన మాట ఎవరైనా ఎత్తుతారా? నేను వస్తుంటే మాట మార్చేస్తారు. బాధపడతానని. షాపులోనూ అంతే, మీ ఇంట్లోనూ అంతే. మీ పెళ్ళిలో కూడా అంతే. వీళ్ళొక్కళ్ళే ఆయన్ని పలకరించేది. అది కూడా బతికున్న మనిషిని పలకరించినట్టు."

పెళ్ళిలో ఆవిడ రాగానే నేనూ మాట మార్చాను, ఆవిడ చీర బాగుందని.

మా ఆయన రెండు దారులూ చెప్పాడు. అంతటితో ఆగకుండా, దారిలో ఆలోచించుకున్నది కూడా చెప్పాడు. "సంతకం వద్దులే వదినా. అన్నయ్య భాగం తీయించేస్తాను. మా ఆఫీసులో ఒకతను ఉన్నాడు, ఇది ఎప్పుడూ చూళ్ళేదు, అతను కొత్తగా రాస్తాడు. ఆసుపత్రికి కొత్తది ఇస్తాం. పాతది నెట్‌లో ఎక్కడున్నది అక్కడే ఉంటుంది, ఆ వాక్యంతోనే. రాసేవాళ్ళు రాస్తారు. కాకపోతే నీ పేరుతో జవాబివ్వు."

"నా పేరుతో ఇస్తే?"

"మీరెవరు అంటారు. చెప్పాల్సి వస్తుంది."

"చెబితే అయ్యో పాపం అంటారు. నాకు అయ్యో పాపాలు వద్దు, అవి ఇక్కడ కావలసినన్ని ఉన్నాయి" అంది అక్క. మెషీను మీద గుడ్డ కప్పింది. "ఆ కొత్తది రాయించు. చూసి చెబుతాను."

మా ఆయన స్నేహితుడు చకచకా ఒకటి రాసిచ్చాడు. పనిమంతుడు, బాగానే రాశాడు. వార్తాపత్రికల్లోంచి, పుస్తకాల్లోంచి లక్షల మాటలు పోగేసి, ఏది ఎక్కువగా వస్తే అది ముందు చూపించేలా పెట్టాడు. ఆ శనివారం మధ్యాహ్నం అక్క మా ఇంటికి వచ్చింది. భోజనాల బల్ల మీద రెండు కంప్యూటర్లు పక్కపక్కన పెట్టాం. ఎడమవైపుది బావగారిది, కుడివైపుది కొత్తది.

"కన్నార్పే పని లేదు, వేలితో కొట్టు వదినా" అన్నాడు మా ఆయన.

"ఏం కొట్టను?"

"ఏదైనా."

ఆవిడ కాసేపు ఆలోచించి కుడివైపు 'కా' కొట్టింది. కారణం, కార్యక్రమం, కాలం, కార్యాలయం అని చూపించింది. ఎడమవైపు కొట్టింది. కాస్త, కాళ్ళు, కాదు, కాఫీ.

"మా మొగుడు పెద్ద చదువరేం కాదు" అంది నాతో.

'ది' కొట్టింది. కుడివైపు దినపత్రిక, దిగుమతి. ఎడమవైపు దిండు. 'వా' కొట్టింది. కుడివైపు వార్త, వాతావరణం. ఎడమవైపు వాళ్ళని, వాంతి. నేను రోజంతా మాటలతో పనిచేసేదాన్ని, నాకు అప్పుడు గాని వెలగలేదు. మంచం మీద ఉన్నవాళ్ళకి ఏం కావాలో ఆయన ఒక్కొక్కటే వరసలో పెట్టుకుంటూ పోయాడు. దుప్పటి, దురద, దగ్గర. దేశం మాత్రం ఎక్కడో అడుగున ఉంది.

"మీ నాన్న పక్కన మీ అన్నయ్య కుర్చీ వేసుకుని కూర్చునేవారు" అంది అక్క. "మామయ్య అడిగింది మనకి అర్థం కాకపోతే కళ్ళలోంచి నీళ్ళు వచ్చేవి కదా, అప్పుడు ఆ మాట ఏంటో కనుక్కునేదాకా ఈయన కదిలేవారు కాదు. కనుక్కున్నాక రాసుకునేవారు. 'కాస్త' అట్లా వచ్చిందే. అన్నిటికంటే ముందు అడిగేది కాస్త అనే, అనేవారు. కాస్త ఎత్తు, కాస్త జరుపు, కాస్త ఉండు."

మా ఆయన వంటింట్లోకి వెళ్ళిపోయాడు. కుళాయి విప్పిన చప్పుడు వినిపించింది. గ్లాసు చప్పుడు మాత్రం వినపడలేదు.

అక్క కుడివైపు కంప్యూటరు మూత మెల్లగా మూసింది. "ఇది పెడితే రాత్రి ఎవరికో దప్పికేస్తుంది, కాస్త నీళ్ళు అందామని 'కా' అనగానే కార్యాలయం వస్తుంది. ఆయన రాసిందే ఉండనీ. ఆ లైను తీసేయండి."

మా ఆయన తడి మొహంతో గుమ్మంలోకి వచ్చాడు. "అది తీసేస్తే ఎవరూ రాయరు వదినా. కొత్తవాళ్ళెవరికీ రాయాలనే తెలీదు."

"తెలుసు."

"పోనీ, విడిగా ఎక్కడో నీ మెయిల్ పెడతాను. 'మాకొక మాట చెప్పండి' అని, షరతు కాకుండా."

"నాకెందుకు రాస్తారు చిన్నా? నేనేం చేశానని."

ఆవిడ లేచి, వెళుతూ వెళుతూ నా భుజం మీద చిన్నగా తట్టి, "మీ ఇద్దరి బ్రష్‌లకి వేరే వేరే గ్లాసులు కొనుక్కోండే, నలిగిపోతున్నాయి పాపం" అంది. తలుపు దాకా నవ్వుతూనే వెళ్ళింది.

సంతకాల రోజు లాయరు మేడమ్ తన కుర్చీలోంచి లేచి వచ్చి అక్క పక్కన కూర్చుంది. కాగితంలో బావగారి పేరుకి ముందు 'స్వర్గీయ' అని ఉంది. అక్క ఆ మాట దగ్గర పెన్ను కాసేపు ఆపింది. సంతకం పెట్టింది. "అలవాటుగా ఆయన సంతకం పెట్టేస్తానేమోనని భయపడ్డాను" అని నవ్వింది. లాయరు మేడమ్ నవ్వలేకపోయింది.

ఆ సాయంత్రమే మా ఆయన ఆ వాక్యం తీసేశాడు. ఇలాంటి వాటిలో ఏం మార్చినా, ఏం మార్చామో ఒక ముక్క రాసి పెట్టాలట. ఆయన చాలాసేపు కూర్చుని 'లైసెన్సు మార్పు' అని రాశాడు. నేను కుర్చీ వెనక నిలబడి, ఆయన తల మీద గడ్డం ఆనించి చూస్తున్నాను. ఒక నొక్కు నొక్కితే ఎర్రరంగు పడి ఆ వరస పోయింది. దాని చోట పేజీలకు పేజీలు పచ్చగా వచ్చాయి.

ఇంక మిగిలింది ఉత్తరాలు. లాయరు మేడమ్ ఒక నమూనా పంపింది గాని అక్కకి నచ్చలేదు. "ఇన్నాళ్ళూ వాళ్ళతో ఇలా మాట్లాడలేదుగా" అంది. తనే రాసుకుంటానంది. ఆదివారం పొద్దున్నే నన్ను తోడు రమ్మంటే వెళ్ళాను. షాపుకి సెలవు. వెనక గదిలో కిటికీ తెరిచి, స్టూళ్ళ మీద పక్కపక్కన కూర్చున్నాం. బావగారి ఫోను ఆవిడ చేతిలో ఉంది. ఓ మూల గాజు పగిలి, అక్కడ టేపు అంటించి ఉంది.

ఆవిడ రాసింది ఇది:

'నమస్కారం. ఇదివరకు మీకు జవాబు రాసింది ఆయన కాదు, నేను. ఆయన భార్యని. ఆయన లేరు. ఆయన రాసింది ఇక ఎవర్నీ అడక్కుండా ఎవరైనా వాడుకోవచ్చు. ఆసుపత్రివాళ్ళు చట్టప్రకారం అన్నీ సరిచేశారు. మీ వాళ్ళు కులాసా అని తలుస్తాను. మిమ్మల్ని మోసం చేయాలని కాదు.'

"బాగుందా? నువ్వు ఇవే కదా రాస్తావు ఆఫీసులో" అంది.

"చాలా బాగుంది అక్కా" అన్నాను. ఒక మాట దగ్గర నా కన్ను ఆగింది, పనిచేసి చేసి వచ్చిన అలవాటు. చెబుదామా అనుకుని, ఆవిడ మొహం చూసి, అందరికీ అర్థమవుతుందిలే అనుకున్నాను.

ఆవిడ ఒక్కొక్కరికీ విడివిడిగా పంపింది. ఒకేసారి అందరికీ పంపొచ్చని చెబితే, వద్దంది. ప్రతి ఒక్కరిదీ పాత మెయిల్ తెరిచి, ఎవరికోసం వాడుకున్నారో చదివి నాకు చెప్పి, అప్పుడు పంపేది. "ఈయన లారీ డ్రైవరు. తమ్ముడికోసం. ఈవిడ సంగీతం టీచరు, తనకోసమే. ఇతనే ఆ తిట్టు సంగతి రాసింది." మధ్యలో ఎవరిదో పాత జోకు గుర్తొచ్చి నవ్వేది. నాకూ నవ్వొచ్చేది. రోడ్డు మీద వెళ్ళేవాళ్ళకి మేం ఏదో సరదాగా కబుర్లు చెప్పుకుంటున్నట్టే కనిపించి ఉంటాం.

మధ్యాహ్నానికి జవాబులు మొదలయ్యాయి. 'ఎంత పని జరిగిందమ్మా' అని ఒకరు. 'మీరు మోసం చేశారని ఎందుకు అనుకుంటాం, మా అమ్మ ఉన్నన్నాళ్ళూ మీ దయవల్లే మాట్లాడింది' అని ఒకరు. సంగీతం టీచరు, 'ఇప్పుడు మీరు ఎలా ఉన్నారు' అని ఒక్కటే అడిగింది. అక్క అన్నీ చదివి ఫోను నాకిచ్చేది, నేను చదివి ఇచ్చేసేదాన్ని. ఏడవలేదు. "అయ్యో పాపాలు వచ్చేశాయి" అంది, అంతే.

ఆ తర్వాత లారీ డ్రైవరు దగ్గర్నుంచి వచ్చింది. అక్క చదివి, మళ్ళీ చదివి, ఫోను నాకివ్వకుండా అలాగే పట్టుకుంది. నేనే వంగి చూశాను.

'సరేనమ్మా. సారు ఊళ్ళో లేకపోతే ఏం, మీరు రాసినా ఒకటే. ఆయన వచ్చాక మాత్రం తప్పకుండా చెప్పండి, మా తమ్ముడు నిన్న పూర్తిగా ఒక వాక్యం అన్నాడు. అన్నా కాస్త నా దగ్గర కూర్చో అన్నాడు. సారు ఎప్పుడొస్తారు?'

కిటికీ రెక్క గాలికి కొట్టుకుంటే లేచి గడియ పెట్టాను. వచ్చి కూర్చునేసరికి అక్క ఇంకా అలాగే ఉంది.

"లేరు అంటే ఊళ్ళో లేరనుకున్నాడు" అంది.

"నేను రాయనా అక్కా?"

ఫోను నాకిచ్చింది. నేను ఇంకా అక్షరం కొట్టకముందే మళ్ళీ తీసేసుకుంది. "వద్దు. ఇతనికి చెప్పాల్సింది నేనే." అతని మెయిల్ మళ్ళీ చూసి, "పోయారు అని రాస్తే, ఎక్కడికి అంటాడేమో" అంది. అని, తనే నవ్వబోయింది. ఆ నవ్వు సగంలో మారిపోయింది. ఇన్నాళ్ళలో ఆవిడ ఏడవగా నేను చూడటం అదే మొదటిసారి. నా చెయ్యి గట్టిగా పట్టుకుని, గాజుపొడి గరగరలాడే ఆ వేళ్ళతో, స్టూలు మీద ముందుకూ వెనక్కూ ఊగుతూ ఏడ్చింది. "ఒక్కసారి కూడా అనలేదే ఆ మాట" అంది. "డాక్టరు అన్నాడు. అందరూ అన్నారు. నేను అనలేదు. ఎవరికీ అనలేదు."

ఆవిడ వీపు నిమురుతూ కూర్చున్నాను.

చాలాసేపటికి పైటకొంగుతో మొహం తుడుచుకుంది. ఫోను తెర కూడా తుడిచింది. కళ్ళజోడు పెట్టుకుంది. ఒక వేలితో 'చ' కొట్టింది. తర్వాతి అక్షరం దగ్గర వేలు గాల్లో నిలబడిపోయింది. మళ్ళీ దించి మాట మొత్తం కొట్టింది, 'చనిపోయారు' అని. దాని కింద, 'మీ తమ్ముడి దగ్గర కూర్చోండి' అని రాసి పంపేసింది.